పరిహారం అందాక మిగిలే ప్రశ్న

ఫ్యాక్టరీలో రియాక్టర్ పేలినా, బొగ్గు బాయిలో పైకప్పు కూలినా ఆ తర్వాత జరిగే తంతు మనకు కొత్త కాదు. మార్చురీ ముందు బంధువులు, గేటు దగ్గర ధర్నా, యూనియన్ నాయకులకూ యాజమాన్యానికీ మధ్య బేరసారాలు, మంత్రిగారి పరామర్శ, ఎక్స్‌గ్రేషియా ప్రకటన, పోస్టుమార్టం, అంత్యక్రియలు. నాలుగో రోజుకు గేటు దగ్గర ఎవరూ ఉండరు. ఒకే ప్రమాదంలో పోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళు ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోతారు. ఆ నాలుగు రోజులూ పక్కపక్కనే నిలబడ్డ ఆడవాళ్ళకు ఒకరి పేరు ఒకరికి తెలియదు, ఆ తర్వాత తెలిసే దారీ ఉండదు. దీన్ని లోటుగా కూడా మనం చూడడం లేదు. డబ్బు అందాలి, ఉద్యోగం రావాలి, బాధ్యులకు శిక్ష పడాలి, ఇవన్నీ అయ్యాక వీలుంటే బాధితులు ఒకరినొకరు ఓదార్చుకోవచ్చు అన్నది మన వరస. గత నూట అరవై ఏళ్ళ గనుల చరిత్ర ఈ వరసను తలకిందులు చేస్తుంది. కుటుంబాలు కలిసిన చోటే నిజం బయటికి వచ్చింది, చట్టం కదిలింది. విడివిడిగా మిగిలిన చోట డబ్బు అందినా దుఃఖానికి నిలకడ దొరకలేదు, తప్పు చేసినవాళ్ళకు భయమూ కలగలేదు.

మొదట్లో బాధిత కుటుంబాలకు దిక్కు దాతల దయ. 1862 జనవరి 16న ఇంగ్లండు ఈశాన్యాన హార్ట్‌లీ గనిలో పంపు ఇంజను తాలూకు భారీ ఇనుప దూలం విరిగి గని నోట్లో పడింది. లోపలికీ బయటికీ దారి ఆ ఒక్కటే. 204 మంది మగవాళ్ళూ పిల్లలూ లోపలే చనిపోయారు. దేశమంతా చలించి చందాలు పోగుచేసింది. అదే ఏడాది ప్రతి గనికీ రెండు దారులు ఉండాలని చట్టం వచ్చింది. చందా డబ్బును పంచేందుకు పెద్దమనుషుల కమిటీలు ఏర్పడ్డాయి. అలాంటి నిధుల పద్ధతి ఆ తర్వాత దశాబ్దాల తరబడి సాగింది. వితంతువుకు వారం వారం కొంత ఇస్తారు, మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆపేస్తారు, నడవడి బాగాలేదని ఎవరైనా చెబితే అప్పుడూ ఆపేస్తారు. భర్తను గని మింగితే భార్య శీలానికి కమిటీ కాపలా కాయడం ఎంత అన్యాయమో వేరే చెప్పాలా? ఆ కమిటీ ముందు ప్రతి స్త్రీ ఒంటరిగా నిలబడాలి, పక్కింటామెకు ఎంత ఇస్తున్నారో అడగడానికి లేదు. ఆ తరంలోనే గని కార్మికులు దీనికి తమదైన జవాబు కనిపెట్టారు. హార్ట్‌లీ తర్వాత నార్తంబర్లండ్, డర్హామ్ ప్రాంతాల్లో కూలి నుంచి తలా కొంత వేసుకుని శాశ్వత సహాయ నిధి పెట్టుకున్నారు. సాటివాళ్ళు కూడబెట్టిన సొమ్ము కాబట్టి అది భిక్ష కాదు. ఒకే రకం ప్రమాదానికి ఎదురుగా ఉన్నవాళ్ళు ఒకరినొకరు కాచుకోవాలన్న ఆలోచనకు గట్టి పునాది అక్కడ కనిపిస్తుంది.

దాతల దయ స్థానంలో హక్కుగా పరిహారం రావడం నిస్సందేహంగా పెద్ద ముందడుగు. జర్మనీ 1884లో, బ్రిటన్ 1897లో, కెనడాలోని ఒంటారియో 1914లో, మన దేశం 1923లో ఈ చట్టాలు తెచ్చాయి. వాటి వెనకున్న ఒప్పందం సూటిగా చెప్పుకోదగింది. తప్పు యజమానిదని కుటుంబం రుజువు చేయనక్కరలేదు, పనిలో ప్రమాదం జరిగిందంటే చాలు, డబ్బు వస్తుంది. కోర్టుల చుట్టూ తిరిగే స్తోమత లేని కుటుంబాలకు ఇది ప్రాణం పోసిన ఏర్పాటు. అయితే తప్పు ఎవరిదన్న ప్రశ్న అవసరం లేకుండా పోయాక, ఆ ప్రశ్న అడిగే చోటు కూడా చాలా కుటుంబాలకు లేకుండా పోయింది. మన 1923 చట్టంలో ఎనిమిదో సెక్షన్ చూడండి. ప్రాణం పోయిన కేసులో యజమాని డబ్బును నేరుగా కుటుంబానికి ఇవ్వకూడదని, కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలని అది చెప్పింది. యజమాని భయపెట్టి తక్కువకు ఒప్పించకుండా పెట్టిన కట్టడి ఇది, మంచిదే. ఆ సెక్షనే ‘స్త్రీ’నీ, ‘చట్టరీత్యా అశక్తత ఉన్న వ్యక్తి’నీ ఒకే వాక్యంలో చేర్చి, వాళ్ళకు రావలసిన మొత్తాన్ని కమిషనర్ తన విచక్షణతో మదుపు పెట్టవచ్చంది. చనిపోయినవాడి నెల జీతమూ వయసూ కాగితం మీదికి ఎక్కుతాయి, అంకెలు హెచ్చవేస్తారు, చెక్కు వస్తుంది. అతని పంపు ఎందుకు ఆగిందో, కప్పుకు దన్ను ఎందుకు పెట్టలేదో ఆ కాగితం అడగదు. శిక్షలు ఆ లోటు తీర్చాయా అంటే అదీ లేదు. 1913 అక్టోబరు 14న వేల్స్‌లోని సెంగెనిద్ గనిలో 439 మంది కార్మికులూ, వాళ్ళ కోసం లోపలికి దిగిన ఒక రక్షకుడూ చనిపోయారు. కోర్టు మేనేజరుకు 24 పౌండ్లు, కంపెనీకి 10 పౌండ్లు జరిమానా వేసింది. లెక్క కడితే మనిషికి షిల్లింగున్నర.

ఈ ఒప్పందం వదిలిపెట్టిన ఖాళీని బాధిత కుటుంబాలు ఎలా పూరించాయో తెలుసుకోవడానికి కెనడా తూర్పు తీరంలోని నోవా స్కోషియాకు వెళ్ళాలి. 1992 మే 9 తెల్లవారుజామున 5.18కి ప్లిమత్ అనే చిన్న ఊళ్ళో వెస్ట్‌రే గని పేలింది. అది తెరిచి అప్పటికి ఎనిమిది నెలలు. ఉద్యోగాలు వస్తాయని ప్రభుత్వాలే దగ్గరుండి డబ్బు సమకూర్చి పెట్టించిన గని. బొగ్గు కోసే యంత్రం పళ్ళ నుంచి రేగిన నిప్పురవ్వ మీథేన్ వాయువుకు అంటుకుంది, ఆ మంట గని నిండా పేరుకున్న బొగ్గు ధూళిని పేల్చింది. ధూళి అంటుకోకుండా రాతి పొడి చల్లడం గనుల్లో పాత జాగ్రత్త. అది చేయాలని ప్రమాదానికి పది రోజుల ముందు, ఏప్రిల్ 29న, ఇన్‌స్పెక్టర్ రాతపూర్వకంగా ఆదేశించాడు. ఎవరూ చేయలేదు. లోపలున్న 26 మంది కార్మికుల కోసం రక్షణ దళాలు దిగాయి. కుటుంబాలు ఊరి అగ్నిమాపక కేంద్రం హాల్లో కూర్చుని ఎదురుచూశాయి. 15 మంది దేహాలు దొరికాయి. లోపల పరిస్థితి ప్రమాదకరంగా ఉందని మే 14న వెతుకులాట ఆపేశారు. 11 మంది ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

ఆ హాలు గురించి ఇంకొంచెం చెప్పాలి. భార్యలు, తల్లులు, అన్నదమ్ములు, పిల్లలు ఆ అయిదారు రోజులూ ఒకే కప్పు కింద ఒకే కబురు కోసం కాచుకున్నారు. ఎవరి ఇంటి మనిషి దేహం దొరికిందో, ఎవరిది దొరకలేదో అందరికీ ఒకేసారి తెలిసింది. ఒకరికి అంత్యక్రియలు, ఇంకొకరికి అవీ లేవు. ఆ కుటుంబాలు అక్కడితో విడిపోకుండా వెస్ట్‌రే కుటుంబాల బృందంగా ఏర్పడ్డాయి. బహిరంగ విచారణ ప్రకటించినా కోర్టు వివాదాల వల్ల మూడున్నరేళ్ళ పాటు మొదలు కాలేదు. పక్కనున్న స్టెలార్టన్‌లో 1995 నవంబరులో మొదలయ్యాక ఈ బృందానికి తమ న్యాయవాదితో వాదన వినిపించే హోదా దొరికింది. ఏ ఒక్క కుటుంబమైనా అంతకాలం ఆగి, అన్ని రోజుల వాంగ్మూలాలు విని, సాంకేతిక పత్రాలు చదివి నిలబడగలిగేదా? కలిసి ఉన్నారు కాబట్టి ఒకరు రాలేని రోజు మరొకరు వెళ్ళారు, ఒకరికి అర్థం కానిది ఇంకొకరు విడమరిచారు. విచారణ నడిపిన జస్టిస్ పీటర్ రిచర్డ్ 1997లో ఇచ్చిన నివేదిక ఈ విపత్తు ముందే ఊహించదగినదని శీర్షికలోనే చెప్పింది. ఇద్దరు మేనేజర్ల మీద పెట్టిన క్రిమినల్ కేసును మాత్రం 1998లో ప్రాసిక్యూషన్ వదిలేసింది. శిక్ష పడదని తేలిపోయాక కూడా కుటుంబాలు ఇంటికి పోలేదు. ఉక్కు కార్మికుల యూనియన్‌తో కలిసి ఒట్టావాలో పార్లమెంటు సభ్యుల తలుపులు తట్టాయి. పనివాళ్ళ భద్రతను పట్టించుకోని సంస్థలను నేరస్థులుగా విచారించే వీలు కల్పిస్తూ 2003లో క్రిమినల్ కోడ్ సవరణ వచ్చింది, 2004 మార్చి 31 నుంచి అమలైంది. కెనడాలో దాన్ని వెస్ట్‌రే చట్టం అనే పిలుస్తారు.

ఒక్కసారే ఇరవై ఆరు మంది పోతే కుటుంబాలు కలుస్తాయి సరే, పని ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఒక్కో మనిషినే తీసుకుపోతాయి కదా? పరంజా మీంచి జారిన మేస్త్రీ కుటుంబానికీ, కరెంటు స్తంభం మీద పోయిన లైన్‌మన్ కుటుంబానికీ హాలు ఎక్కడుంటుంది? ఈ ప్రశ్నకూ జవాబు కెనడాలోనే దొరికింది. ఒంటారియోలోని లండన్ అనే ఊళ్ళో 1996లో పనిచోట జరిగిన పేలుడుకు కొడుకును పోగొట్టుకున్న తల్లి చొరవతో 2003లో ‘థ్రెడ్స్ ఆఫ్ లైఫ్’ అనే సంస్థ మొదలైంది. పని ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళలోంచే స్వచ్ఛంద సేవకులను ఎంచి శిక్షణ ఇస్తారు. కొత్తగా ఆ దెబ్బ తిన్న కుటుంబానికి వీలైనంతవరకు అలాంటి దెబ్బే తిన్నవాళ్ళను జతచేస్తారు, తల్లికి తల్లిని, భార్యకు భార్యను. ఆ సేవకురాలు వైద్యం చేయదు, కేసు నడపదు. ఫోన్ చేస్తుంది, వింటుంది, విచారణ అధికారి రేపు ఏమడుగుతాడో, శవపరీక్ష నివేదికలో ఏముంటుందో, మొదటి పండగ ఎలా గడుస్తుందో తనకు తెలిసినంత చెబుతుంది. బ్రిటన్‌లో 2006లో బాధిత కుటుంబాలు పెట్టుకున్న ‘ఫ్యామిలీస్ ఎగెనెస్ట్ కార్పొరేట్ కిల్లర్స్’ ధోరణి వేరు. కంపెనీల నేరాల మీద పోరాటం దాని పేరులోనే ఉంది, ఓదార్పు కూడా ఆ పోరాటం నడుమనే. మెత్తని సంస్థ మంచిదా, నిలదీసే సంస్థ మంచిదా అన్న తగువు నాకు అనవసరంగా తోస్తుంది. కొత్తగా దెబ్బతిన్న మనిషికి మొదటిది కావాలి, రెండేళ్ళ తర్వాత అదే మనిషికి రెండోది కావలసి రావచ్చు. ఏది కావాలో వాళ్ళనే తేల్చుకోనివ్వాలి.

దుఃఖాన్ని పోరాటంతో కలిపితే గాయం మానదు, పదే పదే రేగుతుంది అనేవాళ్ళున్నారు. ఈ ఆక్షేపణలో కొంత నిజం ఉంది. న్యూజిలాండ్‌లో 2010 నవంబరు 19న పైక్ రివర్ గని పేలి 29 మంది చనిపోయారు. దేహాల కోసం మళ్ళీ లోపలికి వెళ్ళాలా, గనిని అలాగే మూసేయాలా అన్న విషయంలో ఆ కుటుంబాలన్నీ ఒక్కమాట మీద లేవు. అక్కడే విశ్రాంతి తీసుకోనివ్వండి అన్నవాళ్ళ మాటకూ విలువుంది. పోరాటంలో ఉండాలన్న ఒత్తిడి లేకుండా, కావలసినప్పుడు వచ్చి వద్దనుకున్నప్పుడు వెళ్ళిపోయే వీలు ఏ బృందమైనా ఇవ్వాల్సిందే. కానీ గాయాన్ని రేపేది పోరాటమా, దాచిన నిజమా? అక్కడ గని పెద్ద మీద పెట్టిన అభియోగాలను 2013లో వదిలేశారు, దానికి బదులుగా 34 లక్షల న్యూజిలాండ్ డాలర్ల చెల్లింపు కుదిరింది. డబ్బు తీసుకుని మరిచిపొమ్మన్నట్టే. భర్తను పోగొట్టుకున్న అన్నా ఓస్బోర్న్, కొడుకును పోగొట్టుకున్న సోన్యా రాక్‌హౌస్ కలిసి కోర్టుకు వెళ్ళారు. కింది కోర్టుల్లో ఓడినా వదల్లేదు. ఆ బేరం చట్టవిరుద్ధమని 2017 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. పని ప్రమాదాల్లో ఆప్తులను పోగొట్టుకున్నవాళ్ళ మీద ఆస్ట్రేలియా పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో 61 శాతం మందిలో తీవ్ర ఆఘాతం తర్వాత వచ్చే మానసిక రుగ్మత లక్షణాలు కనిపించాయి. ముందుకొచ్చి మాట్లాడినవాళ్ళతో చేసిన అధ్యయనం కాబట్టి ఈ శాతాన్ని అన్ని కుటుంబాలకూ వర్తింపజేయకూడదు. అయినా ఆ పరిశోధకులు నొక్కి చెప్పింది గమనించదగింది. ఏం జరిగిందో సరిగ్గా తెలియడం, తగిన తోడు దొరకడం, ఈ రెండూ ఆ బాధతో ముడిపడి ఉన్నాయి. నిజం తెలియడాన్ని ఓదార్పు నుంచి విడదీయలేం.

శిక్షణ లేని మామూలు మనుషులు మానసిక వేదనలో ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్తే మేలు కన్నా కీడే ఎక్కువ కావచ్చన్నది ఇంకో అభ్యంతరం. అదీ తోసిపుచ్చాల్సింది కాదు. తన కథే చెప్పుకుంటూ పోయేవాళ్ళు, ఇంకా ఏడుస్తున్నావా అనేవాళ్ళు, ఆత్మహత్య ఆలోచనలో ఉన్న మనిషిని గుర్తుపట్టలేనివాళ్ళు నిజంగానే హాని చేస్తారు. అందుకే శిక్షణ కావాలి, డాక్టరు దగ్గరికి ఎప్పుడు పంపాలో తెలియాలి. శిక్షణ పొందిన మానసిక వైద్యులు జిల్లా కేంద్రం దాటితే దొరకని మన ప్రాంతంలో మాత్రం ఈ వాదన ఎవరినీ పంపకుండా ఉండడానికి సాకు అయ్యే ప్రమాదం ఉంది.

ఇక మన దగ్గరికి వద్దాం. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చస్నాలా గనిలోకి నీరు దూసుకొచ్చి 370 మందికి పైగా చనిపోయారు. ఇద్దరు అధికారులకు కింది కోర్టు ఏడాది చొప్పున జైలు శిక్ష వేసింది 2012లో, అంటే 36 ఏళ్ళకు. నలుగురు నిందితుల్లో ఇద్దరు అప్పటికే చనిపోయారు. మన సింగరేణిలో 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిని నీరు ముంచెత్తి 17 మంది, నాలుగు నెలలకు అక్టోబరు 16న 8ఏ ఇంక్లైన్‌లో కప్పు కూలి 10 మంది చనిపోయారు. సింగరేణి కుటుంబాలకు దేశంలో చాలామందికి లేనిది ఒకటి ఉంది. యూనియన్లు ఏళ్ళ తరబడి కొట్లాడి సాధించిన డిపెండెంట్ ఉద్యోగం అది. గని లోపల స్త్రీలు పనిచేయడాన్ని 1952 గనుల చట్టం నిషేధించింది కనుక భర్త ఉద్యోగం తీసుకున్న భార్యకు దశాబ్దాల పాటు దక్కింది పైపనే. ఆఫీసు, క్యాంటీను, ఆసుపత్రి వంటి చోట్ల ఇలా వచ్చిన స్త్రీలు ఒకరికొకరు తారసపడతారు. ఎవరూ పథకం వేయకుండానే ఏర్పడిన సాటివాళ్ళ తోడు ఇది, దీని చరిత్ర రాయాల్సినంత ఉంది. అయితే ఆ తోడుకు పేరు లేదు, విచారణలో చోటు లేదు, కొత్త ప్రమాదం జరిగిన రాత్రి పాత బాధితురాలిని పిలిచే ఏర్పాటు లేదు.

మనకు బంధువులున్నారు, ఇరుగుపొరుగు ఉంది, దినకర్మలున్నాయి, పాశ్చాత్యుల ఈ ఏర్పాట్లు మనకెందుకు అని అడిగేవాళ్ళకు నా జవాబు ఇదే. పదకొండు రోజుల పాటు ఇంటి నిండా మనుషులుండడం గొప్ప ఆసరా, దాన్ని తక్కువ చేయడం తెలివితక్కువతనం. కానీ పరిహారం మాట రాగానే ఆ బంధువులే కక్షిదారులవుతారు. ఉద్యోగం భార్యకా, తమ్ముడికా? డబ్బులో అమ్మానాన్నల వాటా ఎంత? కోడలు పుట్టింటికి వెళ్ళిపోతే ఎలా? ఈ ప్రశ్నల మధ్య నలిగే యువతి తన మాట మనసు విప్పి చెప్పుకోవాలంటే ఆ డబ్బుతో సంబంధం లేని మనిషి కావాలి, ఇదే తగువు దాటి వచ్చిన మనిషి కావాలి. అలాంటి మనిషి సాటి బాధిత కుటుంబంలో తప్ప వేరే చోట దొరకడం కష్టం.

కాంట్రాక్టు కార్మికుల కుటుంబాలకు సింగరేణి పాటి ఆసరా కూడా లేదు. 2025 జూన్ 30న పాశమైలారం పారిశ్రామికవాడలో జరిగిన పేలుడులో 50 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు. కొందరి ఆనవాళ్ళు కూడా దొరకలేదు, వెస్ట్‌రేలో ఆ 11 మంది దేహాల లాగే. భాష రాని ఊళ్ళో డీఎన్‌ఏ పరీక్షకు రక్తం ఇచ్చి వెళ్ళిన తల్లికి, పక్క వరసలో రక్తం ఇచ్చిన ఇంకో తల్లి ఎవరో తెలియదు. వాళ్ళను కలపడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఇష్టపడ్డ కుటుంబాల ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాసి అందరికీ ఇవ్వడం, మార్చురీ దగ్గర వాళ్ళు కూర్చోవడానికి ఓ గది, భాష తెలిసిన ఓ మనిషి, విచారణ నివేదిక వచ్చాక అందరినీ పిలిచి వాళ్ళ భాషలో చదివి వినిపించడం, ఏడాది తిరిగిన రోజున రానుపోను చార్జీలు ఇచ్చి రప్పించడం. ఇవన్నీ కార్మిక శాఖ చేయగలదు. అది చేయకపోతే యూనియన్లు చేయాలి. గేటు ముందు పరిహారం బేరం ఆడుతున్న నాయకులు డిమాండ్ల కాగితంలో ఈ అయిదు పనులూ రాసి, అవి ఒప్పుకునేదాకా సంతకం పెట్టొద్దని నా విన్నపం.